చెన్నారెడ్డి ఉద్యమాన్ని అమ్ముకున్నారా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న మీ తాతగారు "చెన్నారెడ్డి ఉద్యమాన్ని ఇందిరమ్మకు అమ్ముకున్నాడు" అని ఇప్పటికీ మండిపడతారు, అది నిజమా అన్నది మొదటిది. అంత జనబలం ఉన్న మనిషే అయితే రెండుసార్లు ముఖ్యమంత్రి అయి, రెండుసార్లూ గడువు తీరకముందే ఎందుకు దిగిపోయారన్నది రెండోది.

నేను దినపత్రికల డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మర్రి చెన్నారెడ్డి మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు కాలేజీ విద్యార్థిని. రెండోసారి దిగిపోయిన రాత్రి ఆ వార్తకు శీర్షిక పెట్టిన వాళ్లలో ఒకడిని. ఆయనకు అభిమానిని కాను, అలాగని మీ తాతగారంత కోపమూ లేదు. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనని నా అభిప్రాయం. ఢిల్లీ నీరసించినప్పుడల్లా చెన్నారెడ్డి అవసరం పడింది, ఢిల్లీ కోలుకోగానే ఆ అవసరం తీరిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు కదా, ఆయన రాజకీయ జీవితంలో చాలా భాగం ఆ తెప్ప కథే. అయితే ఈ తెప్ప ఏమీ తెలియని తెప్ప కాదు. ఎవరిని ఎక్కించుకుంటున్నదో, ఎందుకు ఎక్కించుకుంటున్నదో దానికి ప్రతిసారీ బాగా తెలుసు.

కథ 1969తో మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్తాను. చెన్నారెడ్డి 1919 జనవరి 13న వికారాబాద్ ప్రాంతంలోని సిర్‌పురంలో పుట్టారు. ఉస్మానియాలో వైద్యం చదివారు. పేరు ముందు డాక్టర్ అన్న మాట అలా వచ్చిందే, ఏ విశ్వవిద్యాలయమో గౌరవంగా ఇచ్చింది కాదు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి తొలి ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆ మంత్రివర్గంలో చేరారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చని చెప్పినప్పుడు, విడిగానే ఉందామన్న వర్గంలో కొండా వెంకట రంగారెడ్డితోపాటు చెన్నారెడ్డి ముందు వరుసలో నిలబడ్డారు.

చివరికి ఏం జరిగిందో తెలిసిందే. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల, కె.వి. రంగారెడ్డి, జె.వి. నరసింగరావు, చెన్నారెడ్డి చేశారు. తెలంగాణ ఉద్యోగాలకు ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవడానికి పన్నెండేళ్ల నివాసం, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు, మంత్రివర్గంలో ఆంధ్రకు 60, తెలంగాణకు 40 పాళ్లు. కాగితం మీద చూస్తే అన్నీ ఉన్నాయి. తర్వాత పదమూడేళ్లకు "ఒప్పందం ఉల్లంఘించారు" అని వీధుల్లోకి వచ్చిన జనానికి నాయకత్వం వహించిందీ ఆ సంతకాల్లో ఒకటి పెట్టిన మనిషే. దీన్ని కొందరు వేషం మార్చడం అంటారు. సంతకం పెట్టినవాడికే ఉల్లంఘన గురించి అడిగే హక్కు ఎక్కువ ఉంటుందని నేనంటాను. కానీ ఒక చిక్కుంది. 1962 నుంచి 1967 దాకా ఆయన రాష్ట్ర మంత్రివర్గంలోనే ఉన్నారు. నిధుల మళ్లింపు జరిగిందని తర్వాత తేల్చిన ఏళ్లలో అవి కూడా ఉన్నాయి. మిగులు నిధుల లెక్క మీద 1969లో జస్టిస్ భార్గవ కమిటీ చెప్పిన మొత్తం 28 కోట్ల పైచిలుకు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్మేమీ కాదు. కుర్చీలో ఉన్నన్నాళ్లూ ఈ విషయం మీద ఆయన గొంతు పెద్దగా వినిపించలేదు.

తర్వాతిది తాండూరు కేసు. చాలామంది మరిచిపోయినది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 1967లో ఆయన తాండూరు నుంచి శాసనసభకు గెలిచారు. ఓడిన అభ్యర్థి వందేమాతరం రామచంద్రరావు నిజాం జైళ్లు చూసిన ఆర్యసమాజ్ యోధుడు, ఓడిపోయి ఇంట్లో కూర్చునే రకం కాదు. కోర్టుకు వెళ్లారు. ఈలోపు చెన్నారెడ్డి ఢిల్లీ వెళ్లి ఇందిరాగాంధీ మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు. 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది, ఎన్నికల అక్రమాలు రుజువయ్యాయని తేల్చింది. కేంద్ర మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ ఏడాది చివర్లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. ఆరేళ్ల అనర్హత.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1968 డిసెంబరులో సుప్రీంకోర్టు తలుపు మూసుకుంది. 1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెం దగ్గర ముల్కీ ఉద్యోగాల గొడవ రాజుకుని ఉస్మానియాకు పాకింది. మార్చిలో మదన్‌మోహన్ వంటి న్యాయవాదులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి తెలంగాణ ప్రజాసమితి పెట్టారు. మే 1న చార్మినార్ నుంచి రాజ్‌భవన్ దాకా ఊరేగింపు, కాల్పులు. ఆ నెలలోనే చెన్నారెడ్డి సమితి పగ్గాలు పట్టారు. ఉద్యమాన్ని ఆయన పుట్టించలేదు. పుట్టి, నడక నేర్చి, నెత్తురోడుతున్న ఉద్యమం దగ్గరికి ఆయన వచ్చారు. ఎన్నికల దారి మూసుకుపోయిన 50 ఏళ్ల రాజకీయ నాయకుడికి వీధి దారి తెరిచి కనిపించింది. ఆ మాట అనకుండా 1969 గురించి రాయడం నిజాయతీ కాదు.

అయితే అంత మాత్రాన ఆయన చేసింది చిన్న పని కాదు. విద్యార్థులకు ఆవేశం ఉంది, ఉద్యోగులకు ఫిర్యాదుల ఫైళ్లున్నాయి, జిల్లాల్లో పార్టీ యంత్రం ఎవరికీ లేదు. తాలూకా స్థాయిలో ఎవరిని కదిలిస్తే ఎవరు కదులుతారో, ఏ ఊరి పటేల్‌కు ఏ ఊరి దొరతో పడదో, ఉర్దూ మాట్లాడే పాతబస్తీ పెద్దలతో ఏ భాషలో మాట్లాడాలో చెన్నారెడ్డికి కొట్టిన పిండి. జూన్‌లో ఆయనను అరెస్టు చేసి రాజమండ్రి జైలుకు పంపారు. తెలంగాణ నాయకుడిని గోదావరి అవతల జైల్లో పెట్టడం ప్రభుత్వానికి భద్రత అనిపించి ఉంటుంది, జనానికి మాత్రం అది అవమానంలా తోచింది.

ఇక 1971. మీ తాతగారి కోపం మూలం ఇక్కడుంది కాబట్టి తీరిగ్గా చెబుతాను.

ఆ మార్చిలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. దేశమంతా గరీబీ హటావో గాలి. ఇందిర పార్టీ 352 స్థానాలు గెలిచింది. అంత గాలిలో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 ప్రజాసమితికి వచ్చాయి. గెలిపించిన నాయకుడు తాను మాత్రం పోటీలో లేడు. ఇందిర గాలికి దేశంలో ఎదురు నిలిచిన ప్రాంతీయ తీర్పుల్లో ఇది చెప్పుకోదగ్గది. ఇంకేం, తెలంగాణ వచ్చినట్టే అనుకున్నారు జనం.

అక్కడే లెక్క తప్పింది. 352 మంది ఉన్న ప్రధానికి 10 మంది ఎంపీలు ఏం చేయగలరు? అదే పదిమంది 1969లో పార్టీ చీలి, ఇందిర మైనారిటీలో పడి, కమ్యూనిస్టుల మద్దతుతో, డీఎంకే మద్దతుతో రోజులు నెట్టుకొస్తున్నప్పుడు ఉండి ఉంటే బేరం వేరు. అప్పుడు ప్రజాసమితికి లోక్‌సభలో బలం లేదు. బలం వచ్చేనాటికి ఆమెకు అవసరం లేదు. ముప్పై మూడేళ్ల తర్వాత ఇదే లెక్కను తిప్పి చూస్తే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితికి వచ్చింది 5 లోక్‌సభ స్థానాలే, ప్రజాసమితి గెలిచినదాంట్లో సగం. కానీ కాంగ్రెస్‌కు 145 మందే ఉన్న సభలో ఆ ఐదుగురి వల్ల తెలంగాణ మాట యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కింది. రాష్ట్రం వెంటనే రాలేదు, ఇంకో పదేళ్లు పట్టింది, అది వేరే కథ. ఢిల్లీలో ఎవరికైనా వాళ్లు అవసరమయ్యారన్నది ఇక్కడ గమనించాల్సింది.

కాబట్టి 1971లో చెన్నారెడ్డి ముందున్న దారులు రెండే. పదిమంది ఎంపీలను పట్టుకుని ప్రతిపక్షంలో కూర్చుని, పోలీసు కేసులతో నీరుగారుతున్న ఉద్యమాన్ని ఇంకో ఐదేళ్లు లాగడం. లేదా దొరికినంత తీసుకుని విలీనం కావడం. ఆయన రెండోది ఎంచుకున్నారు. సెప్టెంబరులో సమితి కాంగ్రెస్‌లో కలిసింది. అప్పటిదాకా ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, తెలంగాణ నుంచి మొదటి ముఖ్యమంత్రిగా పి.వి. నరసింహారావు వచ్చారు. ముల్కీ నిబంధనలు కొనసాగించడం, తెలంగాణకు విడి బడ్జెట్ లెక్కలు వంటి హామీలు దక్కాయి.

అమ్ముకోవడం అంటే ధర ముట్టాలి. విలీనం రోజున ఆయనకు ముట్టింది ఏమిటి? ముఖ్యమంత్రి కుర్చీ పి.వి.కి వెళ్లింది. మూడేళ్లకు, 1974 అక్టోబరులో, ఉత్తరప్రదేశ్ గవర్నర్ పదవి వచ్చింది. దాన్ని ధర అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాకైతే వాయిదాల బాకీలా కనిపిస్తుంది. మీ తాతగారు అడగవలసిన గట్టి ప్రశ్న వేరే ఉంది. 1956లో కాగితం మీద హామీలు తీసుకుని మోసపోయామని చెప్పి జనాన్ని కదిలించిన మనిషి, 1971లో మళ్లీ కాగితం మీది హామీలే ఎందుకు తీసుకున్నారు? ఆ కాగితానికి రెండేళ్లు కూడా ఆయుష్షు లేకపోయింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. దాంతో అవతలి వైపు జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. పి.వి. పోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకం కింద ముల్కీ నిబంధనలు, తెలంగాణ ప్రాంతీయ సంఘం రెండూ రద్దయ్యాయి.

విలీనం ఒప్పుకోనివాళ్లు సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరుతో 1972 అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడ్డారని కూడా గుర్తుంచుకోవాలి. జనం వాళ్లను దాదాపుగా పట్టించుకోలేదు. ఏడాది క్రితం పదికి పది వేళ్లూ ఎత్తిన ఓటరు ఇలా ఎందుకు చేశాడు? అలసిపోయాడని కొందరంటారు, నాయకుడు వదిలేశాక దిక్కు తోచలేదని మీ తాతగారంటారు. రెండూ నిజం కావచ్చు.

లక్నో కాలం గురించి ఎక్కువ చెప్పను. ఎమర్జెన్సీ మధ్యలో అక్కడి ముఖ్యమంత్రి బహుగుణ దిగిపోయాక కొద్ది వారాలు రాష్ట్రపతి పాలన వచ్చింది, అంత పెద్ద రాష్ట్రం గవర్నర్ చేతుల మీదుగా నడిచింది. ఎన్నికల అక్రమాల తీర్పు మోసిన మనిషిని రాజ్‌భవన్‌కు పంపడం ఏమిటన్న విమర్శకు నాకు తెలిసి సరైన జవాబు లేదు.

1977లో ఇందిర ఓడిపోయారు. అంటే చెన్నారెడ్డి కాలం వచ్చింది. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలింది. ఇందిరను బయటికి పంపిన పార్టీకి అధ్యక్షుడు ఎవరనుకుంటున్నారు? కాసు బ్రహ్మానందరెడ్డి. రెడ్డి కాంగ్రెస్ అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. రాష్ట్రంలో అధికారంలో ఉన్న జలగం వెంగళరావు కూడా అటే. ఇందిరకు ఆంధ్రప్రదేశ్‌లో చెప్పుకోదగ్గ పెద్ద నాయకుడు ఎవరూ మిగల్లేదు. 1969లో ఎవరి మీద రాళ్లు పడ్డాయో ఆ బ్రహ్మానందరెడ్డితో లెక్క తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం చెన్నారెడ్డికి దొరకదు. కొత్తగా వచ్చిన హస్తం గుర్తు జనానికి ఇంకా అలవాటు కాలేదు. ఆ ఫిబ్రవరిలో 294 స్థానాల్లో 175 ఇందిరా కాంగ్రెస్‌వి. జనతాకు 60, రెడ్డి కాంగ్రెస్‌కు 30. విచిత్రం ఏమిటంటే, తొమ్మిదేళ్ల కింద వేరు రాష్ట్రం కోరిన మనిషి ఈసారి కోస్తా, రాయలసీమల్లోనూ ఓట్లు అడిగి తెచ్చుకున్నాడు. ఎవరూ పెద్దగా అడ్డం చెప్పలేదు. ఓటు ఇందిరకు పడింది, పగ్గాలు ఈయనకు దక్కాయి.

మార్చి 6న ప్రమాణం చేశారు. నెల తిరగకుండానే హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఘోరం జరిగింది. పోలీసులు ఒక మహిళపై అత్యాచారం చేశారు, ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది, స్టేషన్ మీద జనం విరుచుకుపడ్డారు, కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కేసు విచారణ రాయచూరుకు మారింది, చివరికి నిందితులు విడుదలయ్యారు. మొదటి నెలలోనే శాంతిభద్రతల మచ్చ పడింది. రెండోసారి పదవి ఊడింది కూడా హైదరాబాద్ వీధుల్లోనే కావడం వల్ల నాకు ఇది ఎప్పుడూ గుర్తొస్తుంది.

ఆ పాలనలో మిగిలినవి కొన్ని ఉన్నాయి. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లాను విడదీసి కొత్త జిల్లా చేశారు, తన పాత సహచరుడు కె.వి. రంగారెడ్డి పేరు పెట్టారు. మరుసటి ఏడాది విజయనగరం జిల్లా వచ్చింది. అవినీతి ఆరోపణలూ అంతే జోరుగా వచ్చాయి. ఏ పనికి ఎంత అన్న పుకార్లు మా కాలేజీ హాస్టల్ దాకా వచ్చేవంటే మీరే ఊహించుకోండి. పుకార్లను రుజువులుగా నేను రాయను, కానీ ఆ ముద్ర ఆయన పేరును చివరిదాకా వదల్లేదు.

1980 జనవరిలో ఇందిర తిరిగి వచ్చారు. మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆమె పార్టీకి. ఆమె స్వయంగా మెదక్ నుంచి గెలిచారు. ఏ ముఖ్యమంత్రి అయినా ఇంతకన్నా ఏం చేసి చూపించగలడు? తొమ్మిది నెలల తర్వాత, అక్టోబరు 11న, ఆయనను దించి టి. అంజయ్యను కూర్చోబెట్టారు. అసమ్మతి ఎమ్మెల్యేలు ఢిల్లీ విమానాలెక్కడం, ఫిర్యాదుల జాబితాలు, ఇవన్నీ సాకులు. 41 సీట్లు తెచ్చినవాడు రేపు తనకే ఎదురు తిరగగలడన్నది అసలు భయం. ఒకసారి తిరిగి చూపించినవాడే కదా. ఆ తర్వాత రెండేళ్లలో అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు. ఎన్.టి. రామారావు తెలుగువాడి ఆత్మగౌరవం అన్నప్పుడు జనానికి వివరణ అక్కర్లేకపోయింది.

మధ్యలో పంజాబ్ గవర్నర్‌గా పది నెలల లోపే ఉన్నారు. అకాలీల ధర్మయుద్ధ మోర్చా మొదలైన రోజులవి. 1983 ఫిబ్రవరిలో వదిలేశారు.

మళ్లీ ఢిల్లీకి కష్టకాలం ఎప్పుడు వచ్చింది? బోఫోర్స్ తర్వాత. 1989లో రాజీవ్‌గాంధీ కాంగ్రెస్ ఉత్తరాదిలో కూలిపోతున్నప్పుడు రామారావును ఓడించగలవాడు ఎవరని వెతికితే మళ్లీ 70 ఏళ్ల చెన్నారెడ్డే దొరికారు. దేశంలో కాంగ్రెస్ 197 దగ్గర ఆగిపోయిన ఎన్నికల్లో ఇక్కడ 42లో 39 లోక్‌సభ స్థానాలు, శాసనసభలో 181. డిసెంబరు 3న మళ్లీ ప్రమాణం.

ఆ ఏడాది మాత్రం దేవుడు కూడా పగబట్టినట్టే సాగింది. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో నిలబెట్టడానికి తీసుకెళ్తున్న బుద్ధ విగ్రహం పడవతో సహా మునిగింది, దాంతోపాటు మనుషులూ పోయారు. విగ్రహం చేయించింది రామారావు, ముంచింది చెన్నారెడ్డి అని ఊరంతా హాస్యాలు. మే నెలలో కోస్తాను తుపాను ముంచెత్తింది. నక్సలైట్ల మీద నిర్బంధం సడలించడం ఆయన చేసిన సాహసం. వరంగల్‌లో రైతుకూలీ సంఘం సభకు లక్షల్లో జనం వచ్చారు. పల్లెల్లో కొన్ని నెలలు ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేదని అక్కడి మా విలేకరులు చెప్పేవారు, తర్వాత హత్యలు పెరిగాయనీ వాళ్లే చెప్పారు. ఆ సడలింపు తప్పా ఒప్పా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఇక డిసెంబరు. నేను అప్పుడు సిటీ డెస్కులో ఉన్నాను. అయోధ్య వేడి మీద పాతబస్తీలో కత్తిపోట్లు మొదలయ్యాయి. కర్ఫ్యూ పాసు జేబులో పెట్టుకుని నడిచి ఆఫీసుకు వచ్చేవాళ్లం. అప్పట్లో పేజీలు బ్రోమైడు ముక్కలు కత్తిరించి అంటించి చేసేవారు. మొదటి పేజీ శీర్షికలో మృతుల అంకె ఉన్న చోటు మాత్రం చివరి నిమిషం దాకా ఖాళీగా ఉంచేవాళ్లం. ఉస్మానియా మార్చురీ నుంచి ఫోను వస్తే ఆ అంకె విడిగా తీసి, చిన్న చదరపు ముక్కగా కోసి, జిగురు రాసి అంటించడం. మొదటి ఎడిషన్‌కు ఒక అంకె, సిటీ ఎడిషన్‌కు ఇంకో అంకె. ఒక రాత్రి మూడుసార్లు మార్చాం. పేజీ అంటించే పెద్దాయన పాతబస్తీ మనిషి. నాలుగో ముక్క కోస్తూ చేయి ఆపి, "ఇక చాలు సార్" అన్నాడు. ఏం చాలో నేను అడగలేదు. వంద దాటిపోయింది అప్పటికే.

ఈ మంటల వెనుక సొంత పార్టీ వాళ్లే ఉన్నారని, ఆయనను దించడానికే రాజేశారని చెన్నారెడ్డి వర్గం బాహాటంగానే అంది. ఆ మాట రాజకీయ ఆరోపణగానే మిగిలిపోయింది. డిసెంబరు 17న ఆయన స్థానంలో నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. ఇక్కడ నా సూత్రం పూర్తిగా పనిచేయదని ఒప్పుకోవాలి. అప్పటికి ఢిల్లీలో రాజీవ్ ఏమంత బలంగా లేరు, చంద్రశేఖర్ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తూ ఉన్నారు. ఈసారి ఆయనను దించింది ఢిల్లీ బలం ఒక్కటే కాదు, నగరాన్ని కాపాడలేకపోయిన ఆయన వైఫల్యం కూడా. వంద ప్రాణాలు పోయాక ఎవరు కుట్ర చేశారన్నది ముఖ్యమంత్రికి సాకు కాదు.

చివరి అంకం మీరు అడగలేదు, కానీ అది లేకపోతే మనిషి అర్థం కాడు. 1991లో పి.వి. ప్రధాని అయ్యారు. 1971 విలీనం వల్ల ముఖ్యమంత్రి అయిన అదే పి.వి. చెన్నారెడ్డిని మొదట రాజస్థాన్ గవర్నర్‌గా పంపారు. బాబ్రీ కూలాక షెకావత్ ప్రభుత్వాన్ని రద్దు చేసినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1993 మేలో తమిళనాడుకు మార్చారు. జయలలితతో పొసగలేదు. విశ్వవిద్యాలయాల కులపతి పదవి గవర్నర్ నుంచి ముఖ్యమంత్రికి మార్చే బిల్లు ఆమె తెచ్చారు, అది ముందుకు కదల్లేదు. జయలలిత ఆయన తనతో అసభ్యంగా ప్రవర్తించారని శాసనసభలోనే ఆరోపించారు. ఆయన కాదన్నారు. ఆ ఆరోపణ ఏనాడూ నిరూపణ దాకా రాలేదు, కొట్టివేతకూ రాలేదు. 1995లో తిండివనం దగ్గర గవర్నర్ వాహనశ్రేణి మీద అన్నాడీఎంకే కార్యకర్తలు దాడి చేశారు.

ఆ దాడికి ముందు ఒక సంతకం ఉంది. 1995 మార్చి 25న, ముఖ్యమంత్రి మీద అవినీతి కేసు నడపడానికి సుబ్రమణ్యస్వామికి చెన్నారెడ్డి అనుమతి ఇచ్చారు. టాన్సీ అనే తమిళనాడు ప్రభుత్వ సంస్థ భూముల కొనుగోలు ఆ ఆరోపణల్లో ముఖ్యమైనది. మంత్రివర్గం సలహా లేకుండా కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రి మీద గవర్నర్ అలా సంతకం చేయవచ్చా అన్న వాదన పెద్దదే నడిచింది. టాన్సీ వ్యవహారంలోనే 2000లో జయలలితకు శిక్ష పడింది. మరుసటి ఏడాది నామినేషన్లు చెల్లలేదు, ముఖ్యమంత్రి పదవిలోకి వచ్చినా సుప్రీంకోర్టు తీర్పుతో దిగిపోయారు. తర్వాత పై కోర్టుల్లో నిర్దోషిగా బయటపడ్డారు. ఎన్నికల అనర్హత అంటే ఏమిటో 1968లోనే రుచి చూసిన మనిషి సంతకంతో మొదలైన వ్యవహారం ఇంకొకరి అనర్హత దాకా వెళ్లడం చూసి అప్పట్లో మా డెస్కులో పాతవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మరి ఢిల్లీ? తన గవర్నర్ అవినీతి కేసుకు అనుమతిచ్చిన ఏడాదికి, 1996 ఎన్నికల్లో, పి.వి. వెళ్లి ఆ జయలలితతోనే పొత్తు పెట్టుకున్నారు. తమిళనాడు కాంగ్రెస్ నేత మూపనార్ పార్టీని చీల్చుకుని వెళ్లిపోయారు, పొత్తు తుడిచిపెట్టుకుపోయింది. రాజ్‌భవన్‌లో కూర్చుని ఆ పొత్తు వార్త చదివినప్పుడు ఈ పెద్దాయన ఏమనుకున్నారో నాకు తెలుసుకోవాలని ఉండేది. 1996 డిసెంబరు 2న, గవర్నర్‌గా ఉండగానే, కన్నుమూశారు.

ఆయన స్మారకం హైదరాబాద్ ఇందిరాపార్కులో ఉంది. పార్కు పక్కనే ధర్నా చౌక్. 2009 తర్వాత తెలంగాణ కోసం అక్కడ టెంట్లు వేసుకుని కూర్చున్న రోజుల్లో రిటైరయ్యే ముందు ఒకటి రెండుసార్లు వెళ్లాను. మధ్యాహ్నం ఎండకు కొందరు కుర్రాళ్లు పార్కులోకి వచ్చి ఆ బండల నీడన పడుకునేవారు. అది ఎవరి సమాధి బాబూ అని ఒకడిని అడిగితే, తెలియదన్నాడు.